మీ వెబ్‌సైట్ మీకు కనిపిస్తోంది సరే, అవతలివాళ్లకి కనిపిస్తోందా? కొత్తవాళ్లు అడిగే 7 ప్రశ్నలు

2025 అక్టోబర్ 28. మొంథా తుఫాను తీరం దాటుతున్న రాత్రి. నేను హైదరాబాద్‌లో రూమ్‌లో ఉన్నా, మావయ్య వాళ్లు నాగాయలంక దగ్గర పల్లెటూళ్లో ఉన్నారు. అక్కడ కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. ఆ ఊరి కుర్రాళ్లు సొంతంగా ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నారు. తుఫాను షెల్టర్ ఎక్కడ, రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి, ట్రాక్టర్ ఎవరి దగ్గరుంది, ఇవన్నీ అందులో పెట్టారు. నిజంగా మంచి పని.

మావయ్య ఆ పేజీ తెరిచాడు. పైన లోగో వచ్చింది, కింద అంతా తెల్లగా ఉంది. "గిర్రున తిరుగుతోందిరా, ఏం రావట్లేదు" అన్నాడు. నేను ఇక్కడ వైఫై మీద అదే పేజీ తెరిస్తే క్షణంలో వచ్చేసింది. కావాల్సినవన్నీ ఉన్నాయి, కానీ అన్నీ కలిపి ఒకే ఒక్క ఫోటోలో ఉన్నాయి. నేను నంబర్లు ఒక్కొక్కటే చదువుతుంటే అత్తయ్య క్యాలెండర్ వెనకాల రాసుకుంది.

దివిసీమ వాళ్లకి 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వేల మంది పోయారు. తుఫాను రాత్రి ఒక కబురు అందడం, అందకపోవడం అంటే ఏంటో ఇప్పటికీ మా ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటారు. ఇప్పుడు కబురు జేబులో ఫోన్ దాకా వచ్చింది. స్క్రీన్ మీదకి మాత్రం రాలేదు.

తర్వాత నెలలో ఆ కుర్రాళ్లతో కూర్చుని పేజీ మళ్లీ చేశాం. అప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు, బందరులో రోల్డ్ గోల్డ్ షాపు నడిపే మా బాబాయ్ అడిగినవి, గుడివాడలో పచ్చళ్లు అమ్మే మా పిన్ని అడిగినవి దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. కోడింగ్ రాకపోయినా పర్లేదు. వర్డ్‌ప్రెస్ లాంటి వాటిలో సొంతంగా సైట్ చేసుకున్నవాళ్లకీ, తెలిసినవాళ్లతో చేయించుకున్నవాళ్లకీ ఇది సరిపోతుంది. చెక్ చేసుకోవడానికి మీ చేతిలో ఫోన్ ఉంటే చాలు.

1. వెబ్ పేజీ లోపల అసలు ఏముంటుంది?

మనం చూసేది బొమ్మలా ఉంటుంది కానీ, సర్వర్ నుంచి మన ఫోన్‌కి వచ్చేది ముందు ఒక టెక్స్ట్ ఫైలే. దాన్ని రాసే పద్ధతి పేరు హెచ్‌టీఎంఎల్. 1991లో టిమ్ బెర్నర్స్ లీ మొదటి వెబ్‌సైట్‌ని ప్రపంచానికి చూపించినప్పటి నుంచి మూల సూత్రం మారలేదు. ఇది టైటిల్, ఇది హెడింగ్, ఇది పేరా, ఇది లింక్, ఇక్కడ ఫోటో అని ప్రతి ముక్కకీ ఒక గుర్తు పెడతాం. ఆ గుర్తులే ట్యాగులు. వాటిని చూసి బ్రౌజర్ పేజీ గీస్తుంది.

ఆర్టీసీ బస్సుతో పోల్చి చూడండి. బస్సు ముందు బోర్డు లాంటిది టైటిల్. బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించేది, గూగుల్ రిజల్ట్‌లో నీలం రంగులో సాధారణంగా వచ్చేది ఇదే. బందరు బస్టాండ్‌లో నిలబడ్డవాడు బోర్డు చూసి ఎక్కాలా వద్దా అనుకుంటాడు కదా, ఇక్కడా అంతే. మా బాబాయ్ సైట్‌లో ఆ బోర్డు మీద "హోమ్" అని ఉంది. ఏ ఊరు, ఏ షాపు, ఏం అమ్ముతారు, ఏమీ లేదు.

పేజీ లోపల పెద్ద శీర్షికకి హెచ్1 ట్యాగ్, దాని కింద విభాగాలకి హెచ్2, వాటి లోపల హెచ్3 వాడతాం. చాలామంది చేసే తప్పేంటంటే, మామూలు పేరాని బోల్డ్ చేసి సైజు పెంచి అదే హెడింగ్ అనుకోవడం. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మీ పేజీని చదివేది మనుషుల కళ్లు మాత్రమే కాదు. గూగుల్ రోబో చదువుతుంది. చూపు లేనివాళ్ల ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. ఈ ఇద్దరికీ "పెద్ద అక్షరాలు" అంటే అర్థం కాదు, "హెడింగ్" అంటే అర్థమవుతుంది. టాక్‌బ్యాక్ వాడేవాళ్లు ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి దూకుతూ పేజీ చూస్తారు. హెడింగులే లేకపోతే మొదటి నుంచి చివరి దాకా మొత్తం వినాల్సిందే.

2. పేజీకీ పోస్ట్‌కీ తేడా ఏంటి? హోమ్ పేజీలో ఏం పెట్టాలి?

వర్డ్‌ప్రెస్‌లో కొత్తవాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే. తేదీతో పని లేకుండా ఎప్పుడూ ఉండాల్సినవి పేజీలు. షాపు అడ్రస్, మా గురించి, ఫోన్ నంబర్లు ఈ రకం. రోజు గడిచేకొద్దీ పాతబడేవి పోస్టులు. కొత్త డిజైన్ వచ్చింది, రేపు సెలవు, తుఫాను హెచ్చరిక ఈ రకం.

ఊరి సైట్‌లో షెల్టర్ వివరాలు పోస్ట్‌గా పెట్టారు. తర్వాత వినాయక చవితి ఫోటోలు, క్రికెట్ టోర్నమెంట్ ఫోటోలు పెట్టేసరికి అది కిందకి జారి మూడో పేజీలోకి పోయింది. ఎవరూ డిలీట్ చెయ్యలేదు, అయినా లేనట్టే. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, హోమ్ పేజీలో లేటెస్ట్ పోస్టులు చూపించాలా, లేక మీరు ఎంచుకున్న ఒక పేజీ చూపించాలా అని అడుగుతుంది. వ్యాపారానికైనా ఊరి సైట్‌కైనా రెండోదే బెటర్.

హోమ్ పేజీలో మొదటి స్క్రీన్‌లోనే, అంటే వేలితో కిందకి జరపకముందే, మూడు విషయాలు తెలియాలి: ఇది ఎవరిది, ఇక్కడ ఏం దొరుకుతుంది, ఎలా కాంటాక్ట్ చెయ్యాలి. స్లైడర్‌లో ఐదు ఫోటోలు తిరుగుతుంటే బాగుంటుందని అందరూ పెట్టించుకుంటారు. రెండో ఫోటో వచ్చేదాకా ఆగి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

3. మెనూలో ఎన్ని ఐటమ్స్ ఉండాలి?

దీనికి లెక్క లేదు, కానీ ఒక పద్ధతి ఉంది. పిన్ని సైట్‌లో మెనూలో పదకొండు ఐటమ్స్ ఉన్నాయి. "మా విజన్", "మా మిషన్", "గ్యాలరీ 1", "గ్యాలరీ 2" అన్నీ ఉన్నాయి. ధరలు మాత్రం "ఇతరములు" లోపల ఉన్నాయి. "పిన్నీ, నీకు ఫోన్ చేసినవాళ్లు ముందుగా ఏమడుగుతారు?" అన్నా. "కేజీ ఎంత, హైదరాబాద్ పంపుతారా, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది" అంది. అదే మెనూ. ధరలు, డెలివరీ, మా పచ్చళ్లు, కాంటాక్ట్. నాలుగుతో అయిపోయింది.

మెనూ పేర్లు వచ్చేవాళ్ల మాటల్లో ఉండాలి, మన మాటల్లో కాదు. "సొల్యూషన్స్", "సర్వీసెస్" అని రాస్తే కంపెనీలా ఉంటుంది కానీ లోపల ఏముందో తెలీదు.

ఇక ఫోన్‌లో పైన మూలకి కనిపించే మూడు గీతల బటన్. దీన్ని హాంబర్గర్ మెనూ అంటారు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్‌లోనే ఈ గుర్తు ఉంది. మనకి అలవాటే కానీ, మా మావయ్య లాంటివాళ్లు దాన్ని నొక్కరు. అది బటన్ అని వాళ్లకి తెలీదు. అందుకే అతి ముఖ్యమైన లింక్ ఒకటో రెండో మూడు గీతల వెనక దాచకుండా పేజీలోనే పెట్టండి. గీతల పక్కన "మెనూ" అనే మాట రాసినా చాలా తేడా ఉంటుంది.

లింక్ మీద "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాయకండి. "షెల్టర్‌కి దారి", "ధరల పట్టిక" అని రాయండి. టాక్‌బ్యాక్‌లో లింకులు మాత్రమే వింటూ వెళ్లేవాళ్లకి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వినిపిస్తే ఏం అర్థమవుతుంది?

4. నా ఫోన్‌లో వస్తోంది, గూగుల్‌లో ఎందుకు రావట్లేదు?

నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. ముందు ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. గూగుల్ సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో సైట్ అనే పదం, వెంటనే కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ టైప్ చెయ్యండి. మీ సైట్ నుంచి గూగుల్ దగ్గర ఉన్న పేజీలు వస్తాయి. ఇది పక్కా లెక్క కాదు కానీ, ఒక్కటీ రాలేదంటే గూగుల్ మిమ్మల్ని ఇంకా చూడలేదని గానీ, మీరే రావద్దన్నారని గానీ అనుమానించాలి.

మీరే రావద్దన్నారా? ఇది నిజంగా జరుగుతుంది. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ కిందే, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చెయ్యొద్దని చెప్పే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు టిక్ పెడతారు, తయారయ్యాక తియ్యడం మర్చిపోతారు. బాబాయ్ సైట్‌లో అది ఏడు నెలలు అలాగే ఉంది. ఆ ఏడు నెలలూ ఆయన విజిటింగ్ కార్డు మీద సైట్ అడ్రస్ వేయించి పంచుతూనే ఉన్నాడు.

టిక్ తీసేశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ని చేర్చి, సైట్‌మ్యాప్ ఇవ్వండి. ఇది ఫ్రీ. తర్వాత కొన్ని రోజులు ఓపిక పట్టాలి, ఒక్కోసారి వారాలు కూడా పడుతుంది. డబ్బులిస్తే రేపటికల్లా మొదటి రిజల్ట్ తెప్పిస్తాం అని ఫోన్ చేసేవాళ్లని నమ్మకండి. ప్రకటన ఇవ్వడం వేరు. మామూలు రిజల్ట్స్‌లో స్థానాన్ని గూగుల్ ఎవరికీ అమ్మదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జనం వెతికే పదం మీ పేజీలో ఉందా? బాబాయ్ సైట్ నిండా "ఇమిటేషన్ జ్యూయలరీ, మచిలీపట్నం" అని ఉంది. మనవాళ్లలో చాలామంది "చిలకలపూడి బంగారం" అంటారు, "బందరు రోల్డ్ గోల్డ్" అంటారు. మచిలీపట్నం అన్నా బందరు అన్నా ఒకే ఊరని మనకి తెలుసు. అయినా రెండు పేర్లూ పేజీలో సహజంగా కనిపించేలా రాయడం మంచిది. అలాగని ఒకే పదం యాభైసార్లు కుక్కితే లాభం లేదు, చదివేవాళ్లకి చిరాకు, గూగుల్‌కీ నచ్చదు.

5. తెలుగులో చక్కగా పోస్టర్ చేయించి పెట్టాం, అదెందుకు చాలదు?

మావయ్య ఊరి పేజీలో జరిగింది ఇదే. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అను ఫాంట్లలో టైప్ చేస్తారు. ప్రింటింగ్‌కి అవి బాగుంటాయి. కానీ ఆ పాత పద్ధతి ఫాంట్లలో లోపల దాచేది తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లు. ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ టెక్స్ట్ కాపీ చేసి వెబ్ పేజీలో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. దాంతో "ఎందుకొచ్చిన గొడవ" అని ఫోటోగా మార్చి పెట్టేస్తారు.

ఈ సమస్య కొత్తది కాదు. ఒకప్పుడు ఈనాడుతో సహా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. గూగుల్‌లో తెలుగు పదం కొడితే ఆ వార్తలు దొరికేవి కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఇప్పుడు పత్రికలన్నీ యూనికోడ్‌లోనే ఉన్నాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే నంబరు. ఫోన్‌లో జీబోర్డ్‌తో మీరు వాట్సాప్‌లో టైప్ చేసే తెలుగు యూనికోడే. కాబట్టి కొత్తగా నేర్చుకునేదేం లేదు, అదే కీబోర్డుతో పేజీలో టైప్ చెయ్యండి. అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి.

"గూగుల్ లెన్స్ ఫోటోలో అక్షరాలు కూడా చదువుతుందిగా" అని ఒక తమ్ముడు అడిగాడు. చదువుతుంది. కానీ ఆ రాత్రి మావయ్యకి ఫోటోనే రాలేదు, లెన్స్ దేన్ని చదువుతుంది? పైగా ఫోటోలో ఉన్న నంబర్‌ని నొక్కితే కాల్ వెళ్లదు.

లెక్క చూడండి. ఆ పోస్టర్ 3.8 ఎంబీ. సిగ్నల్ పడిపోయి సెకనుకు 100 కిలోబిట్లే వస్తుంటే అది దిగడానికి ఐదు నిమిషాలు పడుతుంది, మధ్యలో కట్ అవ్వకపోతే. అదే సమాచారం టెక్స్ట్‌గా పెట్టాక పేజీ మొత్తం 40 కేబీ వచ్చింది. అదే సిగ్నల్ మీద మూడు నాలుగు సెకన్లు. ఫోటోలు వద్దని కాదు, పెద్ద ఫోటోలు సైజు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో, టెక్స్ట్ కింద పెట్టండి. ప్రతి ఫోటోకీ ఆల్ట్ టెక్స్ట్ రాయండి. "ఐఎంజీ 2045" అని కాదు, "హైస్కూల్ వెనకున్న తుఫాను షెల్టర్, మెట్లు తూర్పు వైపు" అని. ఫోటో రాకపోయినా ఆ మాట వస్తుంది, టాక్‌బ్యాక్ కూడా అదే చదువుతుంది.

6. ల్యాప్‌టాప్‌లో బాగుంది, ఫోన్‌లో ఎందుకు పాడవుతోంది?

పేజీ మొత్తం చిన్నగా అయిపోయి వేళ్లతో పెద్దది చేసి చదవాల్సి వస్తుంటే, అందులో వ్యూపోర్ట్ ట్యాగ్ లేనట్టు. ఫోన్ స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు సర్దుకో అని బ్రౌజర్‌కి చెప్పే ఒక్క లైను అది. కొత్త థీమ్‌లలో ఉంటుంది, పాత వాటిలో ఉండకపోవచ్చు.

రెండో రకం, ఫోన్‌లో కొన్ని భాగాలు అసలు కనిపించకపోవడం. స్క్రీన్ చిన్నదని డిజైనర్ వాటిని ఫోన్‌లో తీసేసి ఉంటాడు. ఇక్కడ ఒక చిక్కుంది. గూగుల్ ఇప్పుడు మొబైల్ వెర్షన్‌నే చదివి ఇండెక్స్ చేస్తుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పు 2023లో పూర్తయింది. ఫోన్‌లో తీసేసినది గూగుల్‌కీ లేనట్టే. నొక్కితే తెరుచుకునే మడతల్లో పెట్టడం వేరు. టెక్స్ట్ ముందే పేజీలో ఉండి, మడత మాత్రమే తెరుచుకుంటుంటే గూగుల్ చదవగలదు. నొక్కిన తర్వాతే సర్వర్ నుంచి తెచ్చేలా ఉంటే గూగుల్ నొక్కదు, చదవదు.

ఇంకా లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టకండి. ఏసీ రూమ్‌లో బాగుంటుంది, ఎండలో గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5 కి 1 ఉండాలి.

7. అందరికీ కనిపించకూడనిది ఎలా దాచాలి?

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఊరి సైట్‌లో సాయం అందినవాళ్ల జాబితా ఒక పీడీఎఫ్‌గా ఉంది, పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు అకౌంట్లతో సహా. "మెనూలోంచి తీసేశాం అన్నా, ఎవరికీ కనపడదు" అన్నారు. మెనూలోంచి తీస్తే తలుపు మీద బోర్డు తీసినట్టే, తలుపు తెరిచే ఉంది. లింక్ ఒక్కరి దగ్గర ఉన్నా చాలు, తెరుచుకుంటుంది.

డిజైన్‌లో కనిపించకుండా దాచినా పేజీ సోర్స్‌లో ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీని ప్రైవేట్ చేసినా, అందులో అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌కి వేరే అడ్రస్ ఉంటుంది, మామూలుగా అది అందరికీ తెరుచుకుంటుంది. రోబోట్స్ ఫైల్‌లో "ఇటు రావద్దు" అని రాస్తే, అది రోబోలకి చేసిన మనవి మాత్రమే, తాళం కాదు. పైగా ఆ ఫైల్ ఎవరైనా తెరిచి చదవొచ్చు, అంటే ఎక్కడ దాచారో మీరే చెప్పినట్టు.

పరిష్కారం సింపుల్. బయటపడితే ఎవరికైనా నష్టం అనుకునేది అసలు వెబ్‌సైట్‌లో పెట్టొద్దు. మేం ఆ పీడీఎఫ్‌ని సర్వర్ నుంచే డిలీట్ చేశాం, సెర్చ్ కన్సోల్‌లో తొలగించమని రిక్వెస్ట్ కూడా పెట్టాం.

పది నిమిషాల్లో మీరే చెక్ చేసుకోండి

- పేజీలో ఏదైనా తెలుగు పదం మీద వేలు నొక్కి పట్టుకోండి. పదం సెలెక్ట్ అయితే టెక్స్ట్, కాకపోతే అది ఫోటో అయ్యుండొచ్చు.
- ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని 2జీకి మార్చి, ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో పేజీ తెరవండి. మీ సిమ్‌కి 2జీ లేకపోతే 4జీలోనే సిగ్నల్ తక్కువున్న చోట చూడండి.
- టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఫోన్ నంబర్ దొరుకుతుందేమో చూడండి.
- ఫోన్ నంబర్ మీద నొక్కండి. డయలర్ తెరుచుకోవాలి.
- గూగుల్‌లో సైట్ కోలన్ టెస్ట్ చెయ్యండి.
- చివరిగా, ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ ఇచ్చి "ఇందులో ఫలానాది వెతుకు" అని చెప్పి నోరు మూసుకుని చూడండి. ఎక్కడ ఆగారో అక్కడే మీ సైట్‌లో తప్పుంది.

మేం చివరి టెస్ట్ మావయ్యతోనే చేశాం. సిగ్నల్ ఒక గీత ఉండే చోటు కోసం వెతకనక్కర్లేదు, వాళ్ల పెరట్లో ఎప్పుడూ అంతే. పేజీ తెరుచుకుంది. మొదటి లైన్‌లోనే షెల్టర్, దాని కింద నంబర్లు. ఆయన నంబర్ మీద నొక్కాడు, ట్రాక్టర్ ఉన్నాయన ఎత్తాడు. "ఏం లేదులే, ఊరికే చూస్తున్నాం" అని పెట్టేశాడు. ఆ పేజీకి లోగో లేదు, స్లైడర్ లేదు, చూడ్డానికి పెద్ద గొప్పగా కూడా లేదు. అత్తయ్య మాత్రం క్యాలెండర్ వెనకాల రాసుకున్న కాయితం ఇంకా పారెయ్యలేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే అని. అదీ కరెక్టే.